మూడో స్లాట్

మార్చి 3, సోమవారం

పెళ్ళయి ఐదు నెలలు. ఆయన కూతురికి పదమూడేళ్ళు. నన్ను ఏమనీ పిలవదు. పని పడితే ఎదురుగా వచ్చి నిలబడుతుంది, అంతే. నాకు బాధా లేదు, సంతోషమూ లేదు. ఏదీ అంటడం లేదు.

స్కూలు నుంచి రాగానే టీవీ ముందు చేరుతుంది. ఏదో జపాన్ వీడియో గేమ్. పదమూడు భాగాలూ అట్టపెట్టెలో వరసగా ఉన్నాయి. అన్నీ వాళ్ళమ్మవి. ఆవిడ పోయి రెండేళ్ళు.

మార్చి 5, బుధవారం, 11:20

పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్ నాది. పేషెంట్లు లేరు. కంప్యూటర్లో ఆ ఆట చరిత్ర చదివాను. పిల్లతో మాట్లాడ్డానికి ఓ ముక్కైనా దొరక్కపోతుందా అని.

ముప్పై రెండేళ్ళుగా వస్తోందట. ప్రతి భాగానికీ కొత్త లోకం, కొత్త మనుషులు. పాతవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు. పడవ నడిపేవాడి పేరు మాత్రం అన్నిట్లోనూ ఒకటే, మనిషి వేరు. ముందున్నవాడు ఏమయ్యాడని ఒక్కడూ అడగడు. కొత్తగా వచ్చినవాడు అదృష్టవంతుడు. యుద్ధమేమో వంతులవారీగా. మన వంతు అయ్యేదాకా రాక్షసుడు కూడా బుద్ధిగా నిలబడతాడు. మా ఇంట్లో అంత మర్యాద లేదు. ఎన్ని దెబ్బలు తగిలినా సత్రంలో ఒక్క రాత్రి పడుకుంటే అన్నీ మాయం. పాత భాగాల్లో హీరోకి మనమే పేరు పెట్టాలట. తర్వాత పాత్రలకి గొంతులొచ్చాయి, ఆ వీలు పోయింది. మనం పెట్టిన పేరు ఆ గొంతు పలకలేదు కదా.

మార్చి 8, శనివారం

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నాలుగో భాగం క్యాసెట్ పెట్టాను. మొదటి ఊళ్ళోనే గంటన్నర తిరిగాను. బయటికి దారి దొరకలేదు. కోడిపిల్లంత పురుగు నన్ను రెండుసార్లు చంపింది. మొత్తానికి లెవెల్ రెండుకొచ్చాను.

సేవ్ చేద్దామంటే, ఎవరి ఆట వాళ్ళు దాచుకునే గళ్ళు, మూడు స్లాట్లు చూపించింది. మూడూ నిండే ఉన్నాయి. చివరిది కదా, ఎవరికీ అక్కర్లేనిదై ఉంటుందనుకుని దాని మీద నొక్కాను. అందులో ఉన్నది చెరిగిపోయి నాది చేరింది.

మార్చి 9, ఆదివారం

ఆ స్లాట్లు ఎవరెవరివని మాటల మధ్యలో ఆయన్ని అడిగాను. మొదటిది ఆయనది, రెండోది పిల్లది, మూడోది వాళ్ళమ్మదట.

మార్చి 10, సోమవారం

ఆయనకి చెప్పేశాను.  పిల్లకి చెప్పొద్దన్నాడు. క్యాసెట్ లోపల బిళ్ళంత బ్యాటరీ ఉంటుందట, సేవ్ చేసినవన్నీ దాని పుణ్యమేనట. పాతది కదా, అదే పోయిందని చెప్పమన్నాడు. సరేనన్నాను.

మత్తు ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్ళు తమ బుగ్గ తామే కొరుక్కుంటారు. రక్తం కనపడేదాకా తెలీదు. రోజూ చూస్తూనే ఉంటాను.

మార్చి 11, మంగళవారం, 4:40

బ్యాటరీ పోయిందని చెప్పాను. పిల్ల బ్యాగు కూడా దించకుండా విన్నది. బ్యాటరీ పోతే మూడూ పోవాలి కదా, ఒక్కటే ఎలా పోతుందంది. అయినా శనివారం రాత్రే చూశానని, మూడోదాంట్లో ఎవడో లెవెల్ రెండువాడు ఊరి మధ్యలో నిలబడి ఉన్నాడని అంది.

నేనేనని ఒప్పుకున్నాను.

అరవై ఒక్క గంటల ఏడు నిమిషాలంది. వాళ్ళమ్మ ఆపింది అక్కడట. తను రోజూ అది తెరిచి, అందర్నీ సత్రానికి తీసుకెళ్ళి పడుకోబెట్టి, సేవ్ చెయ్యకుండా కట్టేసేదట. సేవ్ చేస్తే టైమ్ మారిపోతుందని.

ఏడవలేదు. అరవలేదు. గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. వంటింట్లోకొచ్చి నిలబడ్డాను. స్టవ్ మీద నీళ్ళు మరిగి మరిగి గిన్నె మాడింది.

మార్చి 14, శుక్రవారం

మూడు రోజులుగా టీవీ పెట్టలేదు. భోజనం గదిలోనే.

కొన్నాళ్ళు మా అన్నయ్య దగ్గరికి వెళ్తానని ఆయనతో అన్నాను. ఇప్పుడు నిన్ను వెళ్ళమన్నదెవరన్నాడు. ఎవరూ అనలేదు, అదే కదా నా గొడవ. పొమ్మంటే పోతాను, ఉండమంటే ఉంటాను. ఆ పిల్ల ఏదో ఒకటి అనాలి. బట్టలు సగం సర్దాను. ఉండాలనే ఉంది నాకు. ఇవాళే తెలిసింది.

మార్చి 16, ఆదివారం

టీవీ పెట్టి ఉంది. మూడోది నాదే, లెవెల్ రెండు, అలాగే ఉంచింది. మొదటిదీ రెండోదీ లెవెల్ ఒకటి. వాళ్ళ నాన్నది ఆయన్ని అడిగి చెరిపిందట. తనది నూట నలభై గంటల ఆట, అదీ చెరిపేసింది.

ఎందుకే అన్నాను.

మూడోదొక్కటీ చిన్నగా ఉంటే చూడ్డానికి బాగోలేదంది.