నా ఫోల్డరు నా ఇష్టం

తేదీ 4.
నేటి పనులు: బట్టలు రెండు బకెట్లు, గిన్నెలు మూడు విడతలు, అత్తగారి కంట్లో చుక్కలు నాలుగుసార్లు, ఈ ఉత్తరం ఒకటి.

గ్రంథాలయం కంప్యూటర్ గది అధికారి గారికి నమస్కారం.

మా అత్తగారికి చూపు మందగించి, డిటెక్టివ్ నవల పంతొమ్మిదో అధ్యాయంలో ఆగిపోయింది. నేను చదివితే "పాల లెక్క అప్పజెప్పినట్టుంది, ఆపవే" అంటారు. మావారు చదివితే రెండో పేజీకి ఆయనే గుర్రు పెడతారు. ఆ నవల మీ కంప్యూటర్లోనూ ఉంది. పైకి చదివిపెట్టే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరికింది. అయితే అది కుట్టిన జాకెట్టు కాదు, గుడ్డ. సోర్సు కోడ్ నుంచి మనమే తయారుచేసుకోవాలి. చేశాను. తీరా పెట్టబోతే కంప్యూటరు "అనుమతి లేదు" అంది. ఇప్పించగలరు.

ఇట్లు,
సభ్యురాలు, నం. 214

తా.క. పదిహేనున కంటి ఆపరేషను. హంతకుడెవరో తెలిస్తేగాని బల్ల ఎక్కనని అత్తగారు భీష్మించారు.

తేదీ 6.

సభ్యురాలికి,

కొత్త ప్రోగ్రాములు పెట్టే హక్కు నాకు మాత్రమే కలదు. అనుమతి నిరాకరించడమైనది. పుస్తకాలు చదువుటకు కళ్ళు వాడవలెను.

ఇట్లు,
అధికారి

తా.క. గదిలో జాకెట్లు కుట్టడం నిషేధం.

తేదీ 8.

అధికారి గారికి,

మీ కంప్యూటరు నా పేర రాయమనలేదు కదండీ! ప్రోగ్రాంతో వచ్చిన సూచనలు, పదకొండు పేజీలు, కుక్కర్ కూతల మధ్య చదివాను. అందరి చోట కాకుండా నాకిచ్చిన ఫోల్డరులోనే పెట్టమని ముందే చెబితే ఎవరి అనుమతీ అక్కర్లేదట. చెప్పాను. నలభై ఏడు తప్పులు వచ్చాయి. అన్నీ నోటుబుక్కులో ఎక్కించి చూస్తే మొదటిదే అసలుది, మిగతావన్నీ దాని సంతానం. శబ్దానికి వేరే ప్రోగ్రాం కావాలట. దాన్నీ తెచ్చి అక్కడే తయారుచేశాను. నలభై ఏడూ పోయాయి.

ఇట్లు,
నం. 214

తా.క. "కళ్ళు వాడమన్నాడా? ఆయన్ని బుర్ర వాడమని రాయవే!" అన్నారు అత్తగారు. నేనైతే రాయను.

తేదీ 9.

సభ్యురాలికి,

నలభై ఏడు తప్పులు చేసినట్టు మీరే ఒప్పుకున్నారు. అవి పోయాయన్నారు. ఎక్కడికి పోయాయో మూడు రోజుల్లో తెలపాలి. నా పాస్‌వర్డు దొంగిలించకుండా ఇదంతా అసాధ్యం. అందుకే ఈ రోజు దాన్ని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మార్చాను.

ఇట్లు,
అధికారి

తా.క. మీ అత్తగారు సభ్యురాలు కారు. ఆవిడ అభిప్రాయం చెల్లదు.

తేదీ 11.

అధికారి గారికి,

నా గదిలో నేను అలమర పెట్టుకుంటే వీధి తలుపు తాళం దొంగిలించానంటారా? రేపు పదింటికి అత్తగారిని తీసుకొస్తున్నాను. అడ్డొస్తే గుమ్మంలోనే కూర్చుంటాం. ఆవిడ గొంతు ప్రోగ్రాం కన్నా పెద్దది.

ఇట్లు,
నం. 214

తా.క. పేరు పెట్టి పిలిస్తే ప్రోగ్రాం మొదట పలకలేదు. ఎక్కడుందో కంప్యూటరుకు తెలియదట. దారి రాసిపెట్టాను, ఇప్పుడు పలుకుతోంది. మావారికి ఇంకా ఆ ఏర్పాటు చెయ్యాలి.

తేదీ 13.

అమ్మా, నమస్కారములు.

నిన్న మిమ్మల్ని ఆపడానికే వచ్చాను. ఇరవయ్యో అధ్యాయం చెవిన పడింది. చివరిదాకా కూర్చుండిపోయాను. హంతకుడు డాక్టరని నేను కలలో కూడా అనుకోలేదు.

ఒక మనవి. తొమ్మిదిన సాయంత్రం మార్చిన పాస్‌వర్డు గుర్తు రావడం లేదు. ప్రస్తుతం నాకూ మీకున్న హక్కులే. పదహారున పై అధికారి తనిఖీ. నివేదిక తయారుచేసే ప్రోగ్రాం పెట్టలేకపోతే నా పని అయిపోయినట్టే. నాకూ ఒక ఫోల్డరుంది. దారి చూపగలరా? పెద్దావిడకు నా క్షమాపణలు.

ఇట్లు,
మీ విధేయుడు

తేదీ 15.

అధికారి గారికి,

పదకొండు పేజీలూ జతచేశాను. నేనొచ్చి చెయ్యను, మీరే చేసుకోండి. తప్పులొస్తే కంగారుపడి నాకు రాయకుండా మొదటిది చూడండి. 'సభ్యులు తమ ఫోల్డరులో తమకు కావలసిన ప్రోగ్రాం పెట్టుకోవచ్చు' అని ఒక నోటీసు కూడా రాసి పంపుతున్నాను. సంతకం పెట్టి తలుపుకు అంటించండి.

ఆపరేషను బాగా జరిగింది. హంతకుడు డాక్టరని తేలేసరికి అత్తగారు ఆసుపత్రికే రానన్నారు. కంటి డాక్టరు ఆడమనిషని చెప్పి ఒప్పించాను.

ఇట్లు,
నం. 214

తా.క. మీ క్షమాపణ, ఆవిడ కంటికి కట్టుతో ఉండగానే చదివి వినిపించాను. "సరేలే" అన్నారు. బాకీ తీరినట్టు రాసుకున్నాను.