నలభై మీటర్ల ఎత్తున

ప్రియమైన అక్కా,

పోర్టులో క్రేన్ శిక్షణ మొదలై రెండు నెలలైంది. పద్నాలుగు మంది మగపిల్లల మధ్య నేనొక్కదాన్ని. నేర్పించే మేస్త్రి మొదటిరోజే నా రంగు చూసి కాకి అని పేరు పెట్టాడు. ఎండకి నువ్వు ఇంకేం నల్లబడతావులే అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనింట్లో విననిదా ఏమిటి?

నిన్న పరీక్షయింది. నిచ్చెనెక్కి నలభై మీటర్ల పైనున్న క్యాబిన్‌లో కూర్చుంటే కిందున్నవాళ్ళ మొహాలు కనిపించవక్కా. ఎవరు నవ్వుతున్నారో తెలియదు. కంటైనర్‌ని చప్పుడు కాకుండా లారీ మీదికి దించాను. నాదే మొదటి స్థానం.

ఆడపిల్లని కాబట్టి నాన్న ఒప్పుకుంటేనే పోస్టింగ్ ఇస్తారట. ఆయనకి ఉత్తరం పంపారు. నువ్వు పుట్టింటికెళ్ళి దగ్గరుండి ఒప్పించు. నీ మాటైతే నాన్న కాదనరు.

నీ చిట్టి


ప్రియమైన చిట్టీ,

ఆఫీసు ఉత్తరం వచ్చింది. నాన్న దాన్ని అలమరలో పెట్టేశారు. అసలే నలుపు, పైగా మగాళ్ళ మధ్య అంత ఎత్తున పనంటే దానికి పెళ్ళెలా అవుతుందని అమ్మతో అన్నారట.

నా సంగతి నీకు తెలిసిందే. వీధి చివరి కొట్టుకి వెళ్ళాలన్నా మీ బావ ఎందుకని అడుగుతారు. పుట్టింటికి రావడానికి నాలుగు సాకులు చెప్పాల్సొచ్చింది. రంగు బాగుందని పదో తరగతిలోనే చదువు మాన్పించి పెళ్ళి చేశారు కదా, అదృష్టవంతురాలినని ఇప్పటికీ అందరూ అంటూనే ఉన్నారు. నువ్వేమో ఎక్కడో పైన కూర్చుని ఇనప పెట్టెలు దించుతున్నావు. తలుచుకుంటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

దిగులు పడకు. నాన్నతో మాట్లాడతాను.

నీ అక్క


అక్కా,

మూడు వారాలుగా నీ దగ్గర్నుంచి కబురు లేదు. నిన్న ఆఫీసుకి పిలిచారు. నా క్రేన్ రెండో స్థానం వచ్చినవాడికి ఇచ్చేశారు. పరీక్షలో కంటైనర్‌ని లారీ అంచుకి కొట్టినవాడు వాడు. నన్ను గేటు దగ్గర గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తమన్నారు. ఎందుకని అడిగితే, మనింటి నుంచి వచ్చిన జవాబు తీసి చూపించాడు అధికారి.

కింద నాన్న సంతకం. పైనంతా నీ చేతిరాత.

నాన్న వద్దన్నారంటే అర్థం చేసుకుంటాను. ఆయన చెబితే నువ్వు రాశావని కూడా సరిపెట్టుకుంటాను. కానీ మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి కళ్ళు తిరిగి పడిపోయే జబ్బుందని రాసి ఉంది. నాకెప్పుడు కళ్ళు తిరిగాయక్కా? ఆ మాట ఎవరిది?

చిట్టి


చిట్టీ,

ఆ మాట నాదే.

ఇష్టం లేదని మాత్రమే రాయమన్నారు నాన్న. అంతమాత్రానికి నువ్వు ఆగవని, ఎలాగో వాళ్ళని ఒప్పిస్తావని నాకు తెలుసు. అందుకే జబ్బు సంగతి కలిపాను. నాన్న చదవకుండానే సంతకం పెట్టారు.

చిన్నప్పుడు నిన్ను చూసి అందరూ అయ్యో అనేవారు. నేనూ అనేదాన్ని. నిన్ను చూసి జాలిపడటం నాకు అలవాటైపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో నాకంటూ మిగిలింది అదొక్కటే. నీ మొదటి ఉత్తరం చదివాక అది కూడా ఎవరో లాగేసుకున్నట్టనిపించింది.

అబద్ధం రాశానని ఒప్పుకుంటూ మీ అధికారికి రాసిన ఉత్తరం దీనితో పెడుతున్నాను. తీసుకెళ్ళి చూపించు. ఇది మీ బావకి తెలిస్తే నన్నేం చేస్తారో తెలియదు. తెలిసినా పరవాలేదు.

అక్క


అక్కకి,

నీ ఉత్తరం అధికారికి ఇచ్చాను. చదివి, అక్కచెల్లెళ్ళ గొడవలు ఇంట్లో తేల్చుకోండని సొరుగులో పడేశాడు. జబ్బు లేదని డాక్టర్ దగ్గర కాగితం తెస్తానన్నాను.

"జబ్బు కాకపోతే ఇంకోటుంటుందమ్మా. ఆడపిల్లని పైకెక్కించాక ఏదైనా అయితే జవాబు చెప్పుకోవాల్సింది నేను" అన్నాడు.

అంటే నువ్వు రాయకపోయినా వాళ్ళు నన్ను ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. సాకు వెతుక్కునే శ్రమ నువ్వు తప్పించావు, అంతే. దాంతో నీ తప్పు తేలికైందనుకుంటావేమో. నాకు కాలేదు. వాళ్ళు పరాయివాళ్ళు.

ఇవాళ పని మానేశాను. ఇంకో పోర్టులో ఆడవాళ్ళని తీసుకుంటారని విన్నాను. నిజమో కాదో వెళ్తేగానీ తెలియదు. అక్కడ తండ్రి ఉన్నాడా అని అడిగితే లేడని చెబుతాను. అక్కచెల్లెళ్ళున్నారా అని అడిగినా అదే చెబుతాను.

కొత్త చిరునామా రాయడం లేదు.

సెలవు.