తాడుకి రెండో కొస

2020 మార్చి 24, సాయంత్రం

నా కూతురు గ్లోరీ పరుగు క్యాంపు నుంచి వచ్చి నౌపడ స్టేషన్లో దిగి మూడు రోజులు. ఈరోజు ఫోన్లో వార్త విన్నది. టోక్యో పారాలింపిక్స్ ఈ ఏడు లేవు. వచ్చే ఏడంట. అదీ నమ్మకం లేదంట.

గ్లోరీకి ఆరో ఏట జ్వరంలో చూపు పోయింది. ఇరవై మూడో ఏట పదిహేను వందల మీటర్లకి దేశం జెర్సీ తొడుక్కుంది. వార్త విన్నాక బ్యాగులోంచి తాడు తీసి వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. జానెడు తాడు. ఒక కొస దాని చేతికి, రెండో కొస ఈశ్వరి చేతికి. ఈశ్వరి అంటే పక్కన పరుగెత్తే గైడు, కొత్తవలస పిల్ల. ఆ పిల్ల వాళ్ళ ఇంట్లో ఇరుక్కుపోయింది.

దేవుని లెక్కలో వెయ్యేళ్ళు ఒక దినం, ఒక్క ఏడాదికి కుంగిపోతావా అన్నాను. దేవుడికి కాళ్ళు ముదిరిపోవు కద నాన్నా అంది. నా భార్య ఎలీసమ్మ నవ్వింది. నాకు కోపం వచ్చింది.

మార్చి 29, ఆదివారం

పాస్టరుగారు టెక్కలిలో ఆగిపోయారు. వాక్యం చెప్పే పని నా మీద పడింది. నేను ఏ బైబిలు కాలేజీకీ పోలేదు. ఉప్పుమడుల్లో పని చేసుకుంటూ గట్టు మీద కూర్చుని చదువుకున్నవాణ్ణి. ఫోన్లోనే ప్రసంగం. నలభై ఒక్కమంది కలిశారు. కర్మెలు కొండ మీద ఏలీయా ప్రవక్త ఆకాశం నుంచి అగ్నిని దింపిన సంగతి చెప్పాను. ఫోను లేకపోయినా టెక్కలి దాకా ఇనబడతాది, కాసింత నెమ్మదిగా సెప్పు అంది ఎలీసమ్మ.

పెరట్లో గ్లోరీ నిలబడ్డ చోటే పరుగు. చెవిలో ఫోను. అక్కడ డాబా మీద ఈశ్వరి కూడా అంతే. ఎడమ, కుడి, ఎడమ అని అరుస్తోంది. దేవునికి స్తోత్రం.

ఏప్రిల్ 3, ఉదయం 5:30

ఉప్పుమడుల గట్టు మీద ఈవేళ తాడు నేనే పట్టుకున్నాను. నాకు యాభై నాలుగేళ్ళు. రెండు వందల అడుగులకే ఊపిరి అందలేదు. మలుపు వచ్చిందని లాగాను. గ్లోరీ పడిపోయింది. మోకాళ్ళు చీరుకుపోయి, ఆపైన ఉప్పునీళ్ళు. కేక పెట్టింది. తర్వాత నవ్వింది.

గైడు లాగకూడదు నాన్నా, లాగితే రేసులోంచి తీసేత్తారు, పక్కనుండాల అంతే అంది. నువ్వు పెసంగం సెప్పినట్టే పరిగెడతన్నావు అంది.

మే 9

పరుగు మానేసింది. ఈశ్వరి ఫోన్ చేసినా ఎత్తడం లేదు.

మే 17, ఆదివారం

నాలుగు రోజులుగా కంచం ముట్టలేదు. మజ్జిగ, ఎలీసమ్మ పోరు పడలేక రెండు ముద్దలు. ఏటమ్మా అని అడిగితే వద్దు నాన్నా అంటుంది, అంతే. తలుపు మూసుకుని ఉంటుంది. పెదాలు కదులుతుంటాయి.

అప్పుడు నాకు వెలిగింది. ఇది ఉపవాసం. నాకు చెప్పకుండా పట్టింది, రహస్యమందు పట్టమనే కదా ప్రభువు చెప్పింది. ఒళ్ళు పులకరించింది. ఫోను ప్రార్థనలో నిలబడి ప్రకటించేశాను. నా కూతురు ఈ కరోనా తెగులు తొలగిపోవాలని నలభై రోజుల ఉపవాసంలో ఉంది, ఇది మొదటి రోజు అన్నాను. అరవైమంది హల్లెలూయ అన్నారు. సంఘపెద్ద బెన్హర్ మాస్టారు ఏడ్చేశారు.

గ్లోరీ పక్క గదిలోంచి విన్నది. కాదనలేదు.

మే 28

పక్కింటి జగన్నాధం మావ గోడ అవతల నుంచి తిట్టాడు. ఒరే ఆదాము, మా అమ్మోరికి కోడిని కోత్తే నవ్వుతావు కదరా, నువ్వు ఏటి కోత్తన్నావు, పిల్ల ఎండుసేపలాగ అయిపోనాది అన్నాడు. ఇది ఆత్మ సంగతి మావా, నీకు తెలీదు అన్నాను. ఆత్మకి పప్పన్నం పెట్టు ముందు అన్నాడు.

గట్టిగా వాక్యం చెప్పి వచ్చాను.  

జూన్ 6

ఈశ్వరి నాకే ఫోన్ చేసింది. అంకుల్, ఏటీ అనుకోకండి అని మొదలుపెట్టి ఏడుపు. తెల్లారి లెగకపోతే బాగున్ను కదే అని గ్లోరీ ఏప్రిల్లోనే తనతో అన్నదంట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందంట. క్యాంపులో మనసుకి చూసే డాక్టరమ్మ ఉందంట, ఫోన్లో మాట్లాడతాదంట. నంబరు ఇచ్చింది.

మాకు ప్రభువున్నాడమ్మా, ఆశ్చర్యకరుడైన ఆలోచనకర్త ఆయనే అన్నాను. ఫోను పెట్టేశాను.

నంబరు మాత్రం ఈ పేజీ వెనక రాసుకున్నాను. ఎందుకో తెలీదు.

జూన్ 14, ఆదివారం, మధ్యాహ్నం 2

గ్లోరీ కుళాయి దగ్గర పడిపోయింది. ఆటోలో పీహెచ్‌సీకి. క్యాంపులో యాభై ఒక్క కేజీలు, ఇప్పుడు ముప్పై ఎనిమిది. నర్సమ్మ మాస్కులోంచి అడిగింది, పిల్లెందుకు తినడం లేదని. ఉపవాసమమ్మా, ఇరవై తొమ్మిదో రోజు అని నేనే అన్నాను. గొప్పగానే అన్నాను.

గ్లోరీ నా వైపు తల తిప్పింది. ఉపాసమని నాను ఎప్పుడన్నా సెప్పినానా నాన్నా అంది. ఆకలెయ్యట్లేదు, బతకాలనిపించట్లేదు, అంతే. నువ్వు అందరికీ సెప్పేసినావు. కాదంటే నీ పరువు పోతాదని ఊరుకున్నాను అంది.

నర్సమ్మ నన్ను చూసింది. ఆ చూపు గురించి రాయలేను.

జూన్ 15

క్యాంపు డాక్టరమ్మకి నేనే ఫోన్ చేశాను. గ్లోరీ నాలుగు నిమిషాలు మాట్లాడింది. మాట్లాడింది అంటే ఊఁ కొట్టింది. ఆమె పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడి మాత్రలు రాయించింది. పని చెయ్యడానికి రెండు మూడు వారాలు పడతాదంట. విశాఖ తీసుకొస్తే మంచిదంట, కానీ అక్కడ బెడ్లన్నీ కరోనాకే. ఒంటరిగా వదలొద్దంది.

నేనేం చెయ్యాలమ్మా అని అడిగాను. ఏమీ చెప్పకండి, పక్కన కూర్చోండి అంది.

ముప్పై ఏళ్ళుగా ఎక్కడ మాట్లాడమన్నా ఏలీయా అగ్ని గురించే అరుస్తున్నాను. దాని తర్వాతి అధ్యాయం ఎన్నడూ ప్రసంగించలేదు. అందులో అదే ఏలీయా చెట్టు కింద పడుకుని చావు అడిగాడు. దేవదూత వచ్చి గద్దించలేదు. ముట్టుకున్నాడు. రొట్టె, నీళ్ళు పెట్టాడు. మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు.

అన్నీ గుర్తున్నవాణ్ణి, ఇది ఎలా దాటేశాను ప్రభువా.

జూన్ 18

రాత్రీ పగలూ గుమ్మంలో ఎలీసమ్మ, నేను వంతులు. గ్లోరీ గోడ వైపు తిరిగి పడుకునే ఉంది. మాత్ర వేసుకుంటుంది. తినదు.

జూన్ 21, ఆదివారం

ఫోన్లో నూట పన్నెండుమంది. ముప్పై ఆరో రోజు అని వాళ్ళే లెక్క చెబుతున్నారు. నలభయ్యో రోజుకి స్తుతి కూడిక పెడతారంట. గ్లోరీతో సాక్ష్యం ఇప్పించమని బెన్హర్ మాస్టారు.

చెప్పాను. ఉపవాసం లేదు. నా కూతురికి జబ్బు. దాని జబ్బుని నేను నా మహిమ చేసుకున్నాను.

 ఎవరో నెట్‌వర్క్ పోయిందా అన్నారు. బెన్హర్ మాస్టారు, విశ్వాసం తగ్గిపోనాదా తమ్ముడూ అన్నారు. ఒక్కొక్కరు వెళ్ళిపోయారు. చివరికి ఆరుగురు. 

గ్లోరీ విన్నదో లేదో తెలీదు. అడగలేదు.

జూన్ 25, ఉదయం 6

గ్లోరీ తాడు తీసింది. రెండో కొస నా చేతికి తొడిగింది. ఎక్కడికీ వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చున్నాం.

గంజి మూడు చెంచాలు. నాలుగోది వద్దంది.

నేను లాగలేదు.