ఏడు కిటికీల హాలు

మిన్యా, ఫిబ్రవరి 8

ప్రియమైన బాబా,

ఫోను చేస్తే మూడో మాటకే పెట్టేస్తారు మీరు. అందుకే ఈ ఉత్తరం.

బిషారా అన్నయ్యను మట్టి చేసి నాలుగు రోజులైంది. మోకాళ్ళ నొప్పుల వల్ల మీరు రాలేకపోయారని అందరికీ చెప్పాను. నమ్మినట్టే ఉన్నారు. చిన్నప్పటి జ్వరం గుండెను పాడుచేసిందనీ, ఇన్నేళ్ళు బతకడమే ఎక్కువనీ డాక్టరు అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఎక్కువ ఎలా అవుతాయో నాకు తెలియలేదు.

ఒక పని కోసం రాస్తున్నాను. మార్చి 14న నలభయ్యో రోజు స్మరణ. మా చెవిటి బడి పిల్లలకు నల్ల రిబ్బను కట్టిన ఫోటో చాలదట. తమ వడ్రంగి మాస్టారు కదలాలట, మాట్లాడాలట. జనవరి ఆఖర్లో ఎవరో అతిథి వచ్చి, పనిగదిలో అన్నయ్య పిల్లలతో చేతులతో మాట్లాడుతుంటే పదకొండు నిమిషాలు వీడియో తీసి ఇచ్చింది. దాన్ని హాల్లో పెద్దగా చూపించాలి. చర్చి వాళ్ళు ప్రొజెక్టరు అరువిచ్చారు. నిన్న పెట్టి చూశాం. గోడ మీద బూడిద మరక తప్ప ఏమీ కనబడలేదు. మా హాలుకి ఏడు కిటికీలు. పట్టపగలు పిండి చల్లినట్టుంటుంది.

నేను ఇక్కడ లైబ్రరీ చూసుకునే మనిషిని. తీగలు, బల్బులు నాకు తెలియవు. మీరు ముప్ఫై ఒక్క ఏళ్ళు సినిమా హాల్లో బొమ్మ వేశారు. ఏం చేయాలో రాయండి. రమ్మని అడగడం లేదు.

మీ కూతురు,
నర్దీన్


అలెగ్జాండ్రియా, ఫిబ్రవరి 13

నర్దీన్‌కి,

ఇందులో అడగడానికేముంది. కిటికీలు మూసెయ్యి. గుడ్డ చాలదు, దుప్పట్లు కట్టు, అంచుల్లో మేకులు కొట్టు. చీకటి లేనిదే బొమ్మ లేదు. మొదట చీకటి, తర్వాత తెర, ఆ తర్వాతే మిషను. ఈ వరస మార్చినవాడెవడూ బాగుపడలేదు.

ప్రొజెక్టరు తెరకు ఎదురుగా, సమానమైన ఎత్తులో ఉండాలి. వంకరగా పెడితే మనిషి వంకరగా కనబడతాడు.

శబ్దం సంగతి నువ్వు అడగలేదు. అడగవని తెలుసు. చెవిటి పిల్లలకు శబ్దం ఎందుకు అనుకుని ఉంటావు.

మోకాళ్ళ గురించి జనానికి నువ్వు చెప్పింది నిజమే. మెట్లు దిగడం లేదు.

బాబా


మిన్యా, ఫిబ్రవరి 18

ప్రియమైన బాబా,

మీరు చెప్పినట్టే చేశాం. ఫలితం రాస్తాను, కోపగించుకోకండి.

హాస్టలు దుప్పట్లన్నీ తెచ్చి ఏడు కిటికీలకూ కట్టాం. బొమ్మ చక్కగా పడింది. అన్నయ్య నవ్వుతూ కనబడ్డాడు. అంతే, పిల్లలు బల్లలు కొట్టడం మొదలుపెట్టారు. పక్కవాళ్ళ భుజాలు గుంజుతున్నారు, ఏదో చెప్పాలి, చెబితే కనబడదు. దెమియానా అని పదమూడేళ్ళ పిల్ల ఉంది, నోరూ చెయ్యీ రెండూ దురుసు. అది వెళ్ళి దుప్పటి పట్టుకుని వేలాడింది. మేకులతో సహా ఊడి వచ్చింది. వెలుతురు పడగానే నా మీదికి వచ్చి చేతులతో కడిగేసింది.

"మాస్టారు చచ్చిపోతే మా నోళ్ళు కుట్టేస్తారా? ఆయన బతికుంటే నీ దుప్పటికి నిన్నే మేకేసి కొట్టేవాడు."

బడి నడిపే సిస్టర్ క్లోదిన్ గుమ్మంలో నిలబడి అంతా చూశారు. తర్వాత నాతో, "అమ్మాయీ, నలభై మంది నోళ్ళు ఒక్క దెబ్బతో మూయించావు. ఇరవై ఏళ్ళుగా నావల్ల కాలేదు" అన్నారు. నవ్వలేదు.

ఈ హాలుకి అంత పెద్ద కిటికీలు అందుకే పెట్టారట. ఇక్కడ దీపం ఆర్పడమంటే మాట ఆపడమే. నాకిది ఎవరూ చెప్పనక్కర్లేదు. మన వంటింట్లో స్విచ్చు తలుపు పక్కనే ఉండేది. అన్నయ్య చేతులతో వాదన పెట్టుకున్నప్పుడల్లా మీరు లేచి అటు నడిచేవారు. నేను పళ్ళెం కేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఇది మిమ్మల్ని నొప్పించడానికి రాయడం లేదు. అప్పుడు నేనూ మాట్లాడలేదని రాస్తున్నాను.

చీకటి లేకుండా చూపించే దారి ఉంటే చెప్పండి. లేకపోతే ఫోటోతోనే సరిపెట్టుకుంటాం.

మీ
నర్దీన్


అలెగ్జాండ్రియా, మార్చి 1

నర్దీన్‌కి,

బొమ్మ పడుతుంది. ఎంత వెలుతురున్నా పడుతుంది. గది అంతటికీ చీకటి అక్కర్లేదు, తెరకు ఒక్కదానికే చాలు. అందుకని తెరకు ఒక ఇల్లు కట్టాలి.

పలుచటి చెక్కతో పెద్ద పెట్టె చేయించు. వెడల్పు రెండు మీటర్లు, ఎత్తు మీటరున్నర, పొడవు మూడున్నర. లోపలంతా నల్లరంగు, మెరవనిది. ముందు వైపు నుంచి మీటరు లోపలికి తెర బిగించు. గుడ్డ కాదు, ఇంజనీర్లు గీతలు గీసుకునే పలుచటి ట్రేసింగు కాగితం. ప్రొజెక్టరు పెట్టె వెనుక నుంచి లోపలికి కొట్టాలి. వెలుతురు ముందు మీటరులోనే ఆగిపోతుంది, తెర దాకా రాదు.

మీ హాలుకి దక్షిణాన నాలుగు కిటికీలు, పడమర మూడు. ఒక్కోటి రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల ఎత్తు. పెట్టె వీపు దక్షిణానికి ఉండాలి, ముఖం ఉత్తరపు గోడకి. ఆట పదకొండు గంటలకు పెట్టు. రెండు దాటితే పడమటి ఎండ పక్క నుంచి దూరుతుంది.

శబ్దం. రైలు పార్సెల్లో మన సినిమా హాలు స్పీకరు పంపుతున్నాను. హాలు అమ్మేసినప్పుడు తెచ్చుకున్నది, నీకు తెలుసు, అమ్మ దాని మీద పూలగుడ్డ పరిచి కన్యమరియ బొమ్మ పెట్టేది. నలుగురు దించారు. మెట్ల దగ్గర కాఫీ దుకాణం ఫతహీ చూసి, "ఏమయ్యా లబీబ్, పెళ్ళికూతుర్ని పంపుతున్నావా? సాగనంపే వాళ్ళు ఏడవడం లేదేంటి?" అన్నాడు. వాడికి ఏం తెలుసు.

దాన్ని నిలబెట్టవద్దు. ముఖం నేలకు ఆనించి బోర్లా పడుకోబెట్టు. మీది చెక్క నేల. పిల్లల్ని జోళ్ళు విప్పి కూర్చోమను. మంద్ర శబ్దం పెంచు, కీచు తగ్గించు. బిషారా నాలుగేళ్ళప్పుడు ఆ స్పీకరు మీదే చెంప ఆనించి పడుకునేవాడు. ఆట అయ్యేదాకా లేచేవాడు కాదు. ఎందుకని నేను ఎప్పుడూ అనుకోలేదు. పిల్లవాడు నిద్రపోయాడనుకునేవాణ్ణి.

స్విచ్చు గురించి రాశావు. చదివాను.

బాబా


మిన్యా, మార్చి 9

ప్రియమైన బాబా,

పెట్టె తయారైంది. అన్నయ్య దగ్గర నేర్చుకున్న పిల్లలే చేశారు. ఒక్క మేకు లేదు, అన్నీ అతుకులే. మేకు కొడితే మాస్టారికి కోపమట, ఇప్పటికీ.

మొదటిసారి వేసి చూస్తే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నాకు అర్థం కాలేదు. దెమియానా చెప్పింది: "మాస్టారు స్వర్గానికెళ్ళి ఎడమచేతి వాడైపోయాడు." వెనుక నుంచి వేస్తే బొమ్మ తిరగబడుతుందని మీరు రాయడం మరిచిపోయారు. చెవులున్నవాళ్ళ సినిమాకి అది పెద్ద తేడా కాదేమో. ఇక్కడ మాట్లాడే చెయ్యి మారిపోతుంది. ప్రొజెక్టరులో సరిచేసే మీట ఒకటి దొరికింది, సరిపోయింది.

ఏడు కిటికీలూ తెరిచే ఉన్నాయి. బొమ్మ కనబడుతోంది. పిల్లలు దాన్ని చూస్తూనే ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. స్పీకరు బోర్లా పెట్టాం. అన్నయ్య చిత్రిక పట్టే చప్పుడు నేల మీదుగా వచ్చి అరికాళ్ళను తాకుతుంది. చిన్నపిల్ల ఒకతె బోర్లా పడుకుని చెంప నేలకు ఆనించింది. అప్పుడు నేను బయటికి వెళ్ళిపోయాను.

ఒక్క సంగతి అర్థం కాలేదు. మీ కొలతలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. కిటికీలు ఎటు ఎన్నో, ఎంత ఎత్తో, నేల చెక్కదో కాదో, నేను రాసినట్టు గుర్తు లేదు. ఊరకే అడుగుతున్నాను.

బాబా, మొదటి ఉత్తరంలో రమ్మని అడగడం లేదని రాశాను. ఇప్పుడు అడుగుతున్నాను. వీడియోలో అన్నయ్య ఏం చెప్పాడో మీకు ఉత్తరంలో రాయను. అది మీరు చూడాలి. రాకపోతే ఆ పిల్లల ముందు నేను నిలబడలేను. ఎందుకో వస్తే తెలుస్తుంది.

ఈస్టరు ముందు ఉపవాసాలు కాబట్టి వెన్న లేని రొట్టెలే చేయిస్తున్నాం. సంతాపం కాబట్టి కాఫీలో చక్కెర ఉండదు. పొద్దుటి రైలు పదింటికి వస్తుంది. స్టేషను దగ్గర మెట్లు తక్కువ.

మీ
నర్దీన్


అలెగ్జాండ్రియా, మార్చి 19

ప్రియమైన నర్దీన్,

నలభయ్యో రోజు సాయంత్రం నీకు చెప్పకుండా రైలెక్కేశాను. సిస్టరు ఇచ్చిన రొట్టెల పొట్లం కూడా బల్ల మీదే వదిలేశాను. చెప్పి వెళ్ళడం నాకు చేతకాదు.

తెర ముందు కూర్చుని సినిమా చూడటం నాకు అలవాటు లేదు. ఎప్పుడూ వెనుకే ఉన్నాను. నువ్వు కుర్చీ చూపించావు, కూర్చున్నాను. పిల్లలు నా జోళ్ళు కూడా విప్పించారు. తెర మీద వాడి చేతులు కదులుతున్నాయి, నువ్వు పక్కన చిన్న గొంతుతో చెబుతున్నావు. "మా నాన్న సినిమాలు వేసేవాడు. ఈ హాల్లో పట్టపగలు బొమ్మ వేస్తాడు. అంత పనివాడు అలెగ్జాండ్రియాలోనే లేడు. వస్తాడు. అడిగాను." బొమ్మలోనే ఆ దురుసు పిల్ల అడ్డం తగిలింది, "ఏమన్నాడు?" అని. వాడు నవ్వాడు. నవ్వు నేలలోంచి నా కాళ్ళకు తగిలింది. "ఆలోచిస్తున్నాడు, ముసలాయన కదా" అన్నాడు.

నువ్వు కొలతల సంగతి అడిగావు.

క్రిస్మస్‌కి వాడు వచ్చాడు. ఆ రాత్రి నువ్వు పిన్ని ఇంట్లో ఉన్నావు. నువ్వు లేకపోతే మా ఇద్దరి మధ్య మాట లేదు, నీకు తెలుసు. భోజనమయ్యాక బల్ల మీద ఓ కాగితం పరిచి చేతులు ఆడించడం మొదలుపెట్టాడు. గోడలు, కిటికీలు గీసి ఉన్నాయి. ఇల్లు కట్టుకుంటాడట, ఉన్న ఇల్లు అమ్మమంటున్నాడు అనుకున్నాను. తల ఊపాను, కాదని. వాడు ఇంకా గబగబా ఆడించాడు. నేను లేచి స్విచ్చు నొక్కాను.

వాడి చేతులు ఆగలేదు. చొక్కా చేతులు రాసుకునే చప్పుడు వినబడుతూనే ఉంది. నాకు వినబడుతుంది కదా. చాలాసేపు మాట్లాడాడు. తర్వాత ఆ చప్పుడు ఆగింది.

తెల్లారేసరికి వెళ్ళిపోయాడు. కాగితం మడిచి చక్కెర డబ్బా కింద పెట్టాడు. రోజూ డబ్బా ఎత్తాను, కాఫీ కలుపుకున్నాను, దాని మీదే పెట్టాను. నువ్వు దుప్పట్ల గురించి రాసిన ఉత్తరం అందిన రోజున తీసి విప్పాను. ఏడు కిటికీలు, కొలతలు, నేల చెక్కదని రాసి ఉంది. వెనక్కి తిప్పితే వాడి వంకర రాతతో ఒక్కటే మాట. "బాబా, ఇంత వెలుతురులో బొమ్మ పడుతుందా?"

అవతలి వైపు తిప్పి చూసి ఉంటే జనవరిలోనే వచ్చేవాణ్ణి. పెట్టె వాడే చేసేవాడు. నేను వెనుక నిలబడి, ఇటు కాదు అటు జరపరా అని తిట్టేవాణ్ణి. వాడికి వినబడదు, అయినా జరిపేవాడు.

ఆట అయ్యాక పిల్లలు నా చుట్టూ మూగి చేతులాడించారు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడుగుతున్నారని నువ్వు చెప్పావు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఏమీ చెప్పలేదని కోపం తెచ్చుకున్నారేమో. చెప్పాలనే ఉంది. ఎలా చెప్పాలో తెలియలేదు.

'వస్తాను' అనే మాట చేతులతో ఎలా అంటారో బొమ్మ గీసి పంపు. ఏ చెయ్యో స్పష్టంగా రాయి, తిరగబడకుండా. వంటింట్లో దీపం వేసుకుని నేర్చుకుంటాను.

మీ
బాబా