చిరునామా చెరిగేదాకా

మార్చి 3

ప్రియమైన అత్తకు,

ఫోనులో నీకు సరిగ్గా వినపడటం లేదని నాన్న చెప్పాడు. ముప్పై ఏళ్లు మెషిన్ గది హోరులో ఉన్న చెవులు మరి. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు రిటైరైన ఆఫీసులో, నువ్వు కూర్చున్న మూడో అంతస్తులోనే నాకో పని అప్పజెప్పారు. ఒక ఆసుపత్రి స్కాన్ యంత్రాలన్నీ మన పెద్ద కంప్యూటర్ మీద నడుస్తున్నాయి. దాని లోపల పన్నెండు వర్చువల్ కంప్యూటర్లు, ఒకే యంత్రం పన్నెండుగా నటిస్తున్నట్టు. మెమరీ అంతా తన సొంతమేనని ప్రతిదీ అనుకుంటుంది. కాబట్టి స్కాన్ యంత్రం చేతిలో ఉండే చిరునామా ఉత్తుత్తిది. బొమ్మ రాయాల్సిన అసలు చోటు పట్టికలో వెతకాలి. ఈమధ్య వెతికినవి చేతికందేలా ఓ చిన్న జాబితాలో, అదే క్యాష్‌లో, పెట్టుకుంటాం. ఇప్పుడా క్యాష్‌లో వెతకడమే నత్తనడక అయింది.

స్కాన్ చూస్తూ సూది దించే డాక్టరమ్మ మా గదికే వచ్చింది. "సూది లోపల ఉండగా బొమ్మ ఆగిపోతే నేనెటు చూడాలమ్మా?" అని అడిగింది. మే నెలాఖరులోగా బాగుపడకపోతే ఆ వైద్యం ఆపేస్తారట. బాగుచేసి తీరతాను.

నీ మేనకోడలు,
పిడుగు


మార్చి 11

ఓ పిడుగూ,

మీ నాన్న మాటలు నమ్మకు. నాకు వినపడనిది వాడి ఉపన్యాసాలే.

ఈ పని నీవల్ల అవుతుంది. పన్నెండింటినీ ఒకే జాబితా ముందు వరుస కట్టించకు. దేని జాబితా దానికి పెట్టు. ప్రోగ్రాంలో, వెతకడానికి ముందు ఒక చిన్న విరామం కనిపిస్తుంది. దాని జోలికి మాత్రం వెళ్ళకు. ఎందుకని అడగకు. వేళకు తిను.

ఆశీస్సులతో,
అత్త


ఏప్రిల్ 14

ప్రియమైన అత్తకు,

విడి జాబితాల ఆలోచన భేషుగ్గా పనిచేసింది. కోప్పడనంటే ఇంకో మాట చెబుతాను. ఆ విరామం కూడా తీసేశాను. అదెందుకుందో ఆఫీసులో ఎవరికీ తెలియదు, నువ్వు చెప్పవు. అది ఉన్నంతసేపూ వేగం కావలసినంత పెరగలేదు. తొమ్మిది సెకన్లు పట్టే బొమ్మ ఇప్పుడు రెండు సెకన్లలో వస్తోంది.

వచ్చే వారమే ఆసుపత్రిలో పరీక్ష. రోగులెవరూ ఉండరు, సిబ్బందే యంత్రాల్లో పడుకుంటారు.

గాల్లో తేలుతున్న
నీ పిడుగు


మే 6

ప్రియమైన అత్తకు,

నువ్వు జవాబు రాయలేదు. పరీక్ష సంగతి నాన్న చెప్పే ఉంటాడు.

ఒక గదిలో బట్టతల టెక్నీషియన్ తలకి, పక్క గదిలో కాపలా ఆయన మోకాలికి స్కాన్ తీస్తున్నాం. తల బొమ్మలో చెవి కింద మోకాలి చిప్ప వచ్చింది. టెక్నీషియన్ లేచొచ్చి, "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం వినడమే గానీ చూడటం ఇదే" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు.

నీ హయాంలోనూ ఉన్న మన పెద్దసారు పిలిచి, "ఇరవై ఏళ్లుగా రాని తప్పు నీ చేతిలో వచ్చింది. చేసిందంతా వెనక్కి తీసెయ్" అన్నాడు. తప్పేమిటో తెలిశాకే తీస్తానన్నాను. పదిహేను రోజులు ప్రోగ్రాంలో ఒక్కో వరుసా తవ్వి పట్టుకున్నాను.

ఒక వర్చువల్ కంప్యూటర్ వదిలేసిన మెమరీని ఇంకోదానికి ఇచ్చేస్తున్నాం, పాత చిరునామా క్యాష్‌లోంచి ఇంకా చెరిగిపోకముందే. దాంతో యంత్రం పాత చిరునామా పట్టుకుని పరాయి చోట రాస్తోంది. ఈ తప్పు నాది కాదత్తా, మొదటినుంచీ ఉన్నదే. చెరగడానికి సరిపడా సమయం ఇచ్చి ఆ విరామం దాన్ని కప్పిపెట్టింది.

పద్దెనిమిదిన ఆఫీసు విచారణ కమిటీ ముందు నిలబడాలి. ఆ విరామం ఎవరు పెట్టారో నీకు తెలిసే ఉంటుంది. చెప్పు.

పిడుగు


మే 10

నా తల్లీ,

నేనే పెట్టాను.

తప్పు అప్పుడే కనిపెట్టాను. సరైన దారి తట్టక విరామంతో కప్పేశాను. తర్వాత చూద్దామనుకున్నాను, చూడలేదు. నీ ఏప్రిల్ ఉత్తరం అందాక కలం పట్టుకుని కూర్చున్నాను. పరువు అడ్డొచ్చింది. ఒక్క వాక్యం రాసి ఉంటే నీకీ గతి పట్టేది కాదు.

పద్దెనిమిదిన నేను వస్తున్నాను. నాకోసం నువ్వు అబద్ధం చెప్పొద్దు, నిజం మింగొద్దు.

అత్త


మే 30

ప్రియమైన అత్తకు,

కమిటీ ముందు తప్పంతా నీదేనని నాలుగు మాటలు చెప్పి, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్ళిపోయావు. నువ్వెళ్ళాక ఏం జరిగిందో తెలుసుకోవాలి నువ్వు.

పెద్దసారు లేచి నిలబడ్డాడు. కమిటీతో అన్నాడు: "ఆవిడకి దారి తట్టలేదన్నది అబద్ధం. దారి చూపించి రెండు నెలలు గడువు అడిగింది. కుదరదన్నది నేను. విరామం పెట్టి పంపెయ్యమన్నదీ నేనే." ఆయనే ఆసుపత్రిని ఒప్పించి నాకు మూడు వారాలు గడువిచ్చాడు, నేను అడక్కుండానే.

తొమ్మిది రోజుల్లో ముగించాను. చిరునామా చెరిగిందని బదులొచ్చేదాకా ఆ మెమరీని ఇంకెవరికీ ఇవ్వం. దానివల్ల బొమ్మకి మూడు సెకన్లు పడుతోంది. ఆ ఒక్క సెకను వదులుకోవడానికి డాక్టరమ్మ సంతోషంగా ఒప్పుకుంది. నిన్న మధ్యాహ్నం మొదటి రోగికి సూది దించింది. అద్దం ఇవతల నిలబడి చూశాను. ఆవిడ చెయ్యి ఒక్కసారీ ఆగలేదు.

ఇక మన సంగతి. నీది కాని తప్పు కూడా నెత్తినేసుకున్నావు. నీదైన తప్పు మాత్రం, నేను చిక్కుల్లో పడ్డాక గానీ చెప్పలేదు. కోపం ఇంకా పోలేదు. కానీ ఆ రోజు నువ్వు రాకపోయుంటే, ఈపాటికి కోపం కూడా మిగిలేది కాదు మన మధ్య. ఆదివారం వస్తున్నాను. తీరిగ్గా పోట్లాడుకుందాం.

నీ
పిడుగు