ఎస్తెబెస్ రికార్డును ఎలా కడగకూడదు

అత్‌బాషి

చిట్టితల్లి నుర్జాత్‌కి,

మీ ఇంట్లో పొయ్యి ఆరకుండా, నీ తలనొప్పి తిరిగి రాకుండా ఉండాలని కోరుతూ బాత్మా పెద్దమ్మ రాస్తున్నది. ఇక్కడ కుంటి ఆవు తప్ప అందరం కులాసా.

మీ పెదనాన్న ఎస్తెబెస్ పోయి ఏడాది కావస్తోంది. ఏడాది విందుకి గుర్రాన్ని కోస్తున్నాం, జిల్లా అంతా వస్తోంది. మా అత్తగారు కుట్టిన సంచీలో, గోడ తివాచీకి వేలాడే రికార్డు నీకు తెలుసుగా? పెళ్లికి ముందు ఆయన రాజధానికి వెళ్లి రేడియోలో పాడి తెచ్చుకున్నది. మోగించే పెట్టె లేక ఇన్నేళ్లూ ఎవరూ వినలేదు. ఇప్పుడు మా వియ్యపురాలు కాలిచా ఎక్కడో పెట్టె సంపాదించి, విందులో అందరికీ ఎస్తెబెస్ గొంతు వినిపించాల్సిందేనని కూర్చుంది. సంచీ కుట్లు విప్పి చూస్తే గాడుల నిండా దుమ్ము. నువ్వు ఇంట్లో రికార్డులు పెట్టుకుని వినేదానివి. ఎలా శుభ్రం చెయ్యాలో రాయి.

ఇట్లు,
నీ బాత్మా పెద్దమ్మ

తా.క. ఏం చెయ్యకూడదో కూడా రాయి. అది ముందు రాయి. ఒక్కటీ వదలకు.

*

బిష్కెక్

బాత్మా పెద్దమ్మకి నుర్జాత్ సలాములు.

చెయ్యకూడనివి: వేడి తగలకూడదు, వంగిపోతుంది. జిడ్డు తగలకూడదు, గాడులు పూడిపోతాయి. మసి, గరుకు గుడ్డ అసలే వద్దు. ఓడ్కాతో తుడవచ్చని కొందరు, తుడిస్తే పాడవుతుందని కొందరు అంటారు. నిన్నంతా ఆలోచించినా నాకు తేలలేదు.

చెయ్యవలసింది తేలికే. బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు చల్లటివి తీసుకుని, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలపండి. మెత్తటి గుడ్డతో గాడుల వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. మధ్యలోని కాగితం తడపకండి. ఉత్త నీళ్లతో మరోసారి తుడిచి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి.

మీ నుర్జాత్

తా.క. ఓడ్కా సంగతి తేలేదాకా సీసా మూత తియ్యకండి.

*

అత్‌బాషి

చిట్టితల్లి నుర్జాత్‌కి,

నీ ఉత్తరం పక్కన పెట్టుకునే అంతా చేశాను. వేడి వద్దన్నావని మరిగించలేదు. మంతీ కుడుములు ఉడికించే గిన్నెలో పై అరలో పెట్టాను. పై అరలో ఉండేది ఆవిరే కదా. తడి ఆరడానికి అర్చా చెట్టు కొమ్మల పొగ పట్టాను. గుర్రప్పాల కుమిస్ పోసే తోలుతిత్తికి పొగ పట్టాక వెన్న రాయకపోతే పగుళ్లిస్తుంది, అది మనింట్లో పసిపిల్లలకీ తెలుసు. దీనికీ రాశాను. ఇప్పుడు తళతళలాడుతోంది. కాస్త టోపీలా వంగింది. కాలిచా చూసి, దీన్ని మోగించాలా నెత్తిన పెట్టుకోవాలా అని అడిగింది.

నీ బాత్మా పెద్దమ్మ

తా.క. ఆ రోజు మంతీలకి టైరు వాసన వచ్చింది. కాలిచా అది పట్నం మసాలా అనుకుని మళ్లీ వడ్డించమంది.

ఇంకో తా.క. ఓడ్కా సంగతి తేలింది. మిగల్లేదు.

*

బిష్కెక్

పెద్దమ్మకి సలాములు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పు నాదేనేమో. నేను విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్రం చెబుతాను. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడూ నాకిదే అనుమానం: నేను వద్దన్న మాట అవతలివాళ్లకి చేరేసరికి కావాలి అని అయిపోతుందా?

వెన్నని చల్లటి సబ్బునీళ్లతో తీసెయ్యండి. రెండు చదునైన పలకల మధ్య పెట్టి పైన బరువు ఉంచండి. ఇంకేమీ చెయ్యకండి. పెదనాన్న గొంతు మరెక్కడా లేదు పెద్దమ్మా. ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే నాకు ఆయన దగ్గే వినిపిస్తోంది. కనుమలో మంచు పడుతోంది, విందుకి రాగలనో లేదో.

మీ నుర్జాత్

తా.క. బరువంటే పుస్తకాలు. దయచేసి పుస్తకాలే.

*

అత్‌బాషి

చిట్టితల్లి నుర్జాత్‌కి,

కనుమ మూసుకుపోయి నువ్వు రాలేకపోయావు. గుర్రం మాంసం నీ వాటా దాచాను. మనింట్లో పుస్తకాలెక్కడివి? పలకల మీద కాలిచాని కూర్చోబెట్టాను. కోడలి మీద చాడీలు అయిపోయేదాకా లేవలేదు. అయినా వంపు పోలేదు.

ఇక నిజం చెబుతాను. నీ మాటలు నాకు శుభ్రంగా అర్థమయ్యాయి. వద్దన్నవన్నీ వరసగా చేశాను. సంచీ కుట్లు విప్పిన రోజునే మధ్యలో కాగితం చదివాను. దాని మీదున్నది మీ పెదనాన్న పేరు కాదు, ఎవరో రాజధాని గాయకుడిది. రేడియోవాళ్లు గేటు దగ్గరే పొమ్మని ఉంటారు. ఊళ్లో చెప్పిపోయిన మనిషి ఒట్టి చేతులతో ఎలా వస్తాడు? దుకాణంలో కొనుక్కొచ్చాడు. ఆయన విందులోనే, ఆయన గుర్రం మాంసం తింటూ, జిల్లా అంతా ఆయన్ని అబద్ధాలకోరు అంటుంటే నేను వినాలా? బాత్మా చేతగాక పాడుచేసిందంటే పోయేదేముంది అనుకున్నాను.

పాడైంది కానీ ఆగిపోలేదు. విందు గుడారంలో అందరి ముందూ సూది గుట్టలెక్కి దిగుతూ తిరిగింది. ఆ గాయకుడి గొంతు వణికింది, సాగింది, పైకి పోబోయి మేకలా అరిచింది, వెన్న దగ్గర గురగురలాడింది. నేను తలెత్తలేదు. చివరికి కాలిచా ముక్కు చీదుకుని, "ఎస్తెబెసే. పాటెత్తుకుంటే గొర్రెలు చెల్లాచెదురయ్యేవి, గుర్తుందా వదినా?" అంది. ముసలివాళ్లంతా కళ్లు తుడుచుకుంటూ ఔనన్నారు.

కాగితం చదివినదాన్ని నేను. అయినా నాకూ ఆయనే వినిపించాడు. మళ్లీ పెట్టమన్నాను.

నీ బాత్మా పెద్దమ్మ

తా.క. వంపు తీసే పద్ధతి నీకు తెలిసినా రాయకు. దుమ్ము పడకుండా ఎలా దాచాలో రాయి. ఈసారి నువ్వు చెప్పినట్టే చేస్తాను.