చెంగుతో తుడిచిన బొట్టు

అన్నయ్యా,

ఫోన్లో అయితే ఏడుపొచ్చి చెప్పలేనని రాస్తున్నాను. సిస్టర్ల స్కూలు గేటు దగ్గర నేను ఒకటో తరగతి ప్రసన్న బొట్టు తుడుస్తున్న వీడియో నువ్వూ చూశావట. ఆ రోజు ఎండకు కుంకుమ కారి పాప కంట్లో పడింది. ఆయాను కదా, చెంగుతో తుడిచాను. తరవాత మళ్లీ నేనే బొట్టు పెట్టాను. అది వీడియోలో లేదు.

మామిడి తోటకు వెళ్లే ఆడవాళ్లు, "ఏంటొదినా, మా బొట్లు కూడా తుడిచేస్తావా?" అంటున్నారు. సిస్టరుగారేమో, "ఇక్కడ బొట్టుకి ఎప్పుడూ ఎవరూ అడ్డు చెప్పలేదని రాసివ్వమ్మా" అన్నారు. పోయినేడు ఒక టీచరు అడ్డు చెప్పింది. అదెలా రాసివ్వను? అలాగని, ఇరవై ఏళ్లుగా ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకున్నాకే ఆ గేటు తీస్తున్నాను. నా పూజ మానమని ఎవరూ అనలేదు.

సిస్టర్లే బొట్టు తుడిపించారన్న అర్జీలో మొదటి సంతకం నీదేనని తెలిసింది. నన్నొక్క మాట అడగాల్సింది. ఆదివారం రామాలయం దగ్గర దీని మీద పెట్టే పంచాయితీలో అందరూ అడిగితే జరిగిందే చెబుతాను. స్వామి ఎదుట అబద్ధం నా నోట రాదు. నువ్వక్కడ ఉంటే నీ పరువు తీసేది నేనే అవుతాను.

ఆ రోజు నువ్వు రావద్దు అన్నయ్యా.

నీ చెల్లెలు